డాబా మీదికి షీట్లెన్ని?

చిన్నోడా,

డాబాకి వేడి ఆపే షీట్లు ఎన్ని కావాలో నిన్న ఫోన్‌లో అడిగావు కానీ, లెక్కలు నోటితో చెబితే సగం గాలికి పోతాయి. అందుకే రాస్తున్నా. "షాపాయన వంద షీట్లు చాలన్నాడు, తెప్పించెయ్యనా పెదనాన్నా?" అన్నావు. ఆయన మీ డాబా ఎక్కి చూశాడా మరి?

మనది రెంటచింతల పక్క ఊరు. ఇక్కడి ఎండ సంగతి నీకు నేను చెప్పాలా! పగలంతా స్లాబు తాగిన ఎండ రాత్రి పదకొండింటికి కూడా కిందికి దిగుతూనే ఉంటుంది. ఫ్యాను ఆ వేడినే మన మీదికి తోస్తుంది. కాబట్టి ఎక్స్‌పీఎస్ షీట్లు, అంటే వేడిని ఆపే గట్టి ఫోమ్ పలకలు, వెయ్యాలనుకోవడం మంచిదే. కాకపోతే పిల్లర్ చువ్వలు పైకి వదిలావుగా, పై అంతస్తు ఎప్పుడు? రెండు మూడేళ్లలో అయితే ఈ ఖర్చు పెట్టకు, తెల్ల పెయింటు కొట్టించి ఊరుకో. పదేళ్ల దాకా లేదంటేనే మిగతాది చదువు.

ముందు ప్లాన్ కాగితం పక్కన పెట్టు. అందులో 36 అడుగులు, 28 అడుగులు అని ఉంటుంది. అది బయటి కొలత. షీటు పడేది పిట్టగోడ లోపల. నాలుగున్నర అంగుళాల గోడ రెండు పక్కలా తీసేస్తే 35 అడుగుల 3 అంగుళాలు, 27 అడుగుల 3 అంగుళాలు. అంటే 960 చదరపు అడుగులు. ఇనుప టేపుతో నువ్వే కొలుచుకో, గుడ్డ టేపు సాగుతుంది. ప్రతి పక్కా మూడు చోట్ల కొలువు. మన మేస్త్రిల గోడలు ఒక కొసకీ ఇంకో కొసకీ రెండంగుళాలు తేడా రావడం నాకు కొత్త కాదు.

అందులోంచి మెట్ల గది 16 × 8, అంటే 128 తీసెయ్. 832 మిగిలింది. ముందు బాల్కనీ మీద కూడా తీసేద్దామనిపిస్తుంది, కింద ఎవరూ పడుకోరు కదా అని. తియ్యకు. అక్కడ షీట్లు ఆపితే డాబా మీద మెట్టు పడి నీళ్లు నిలుస్తాయి.

షీటు 1250 మిల్లీమీటర్లు పొడుగు, 600 వెడల్పు. ఎనిమిది చదరపు అడుగుల పైన కాస్త చిల్లర. 832ని దాంతో భాగిస్తే 103కి పైనే, అంటే 104. మా ఇంటికి నేను సరిగ్గా ఇలా లెక్కేసి, వచ్చినన్నే తెప్పించా. పిల్లర్ చువ్వల చుట్టూ కోసిన ముక్కలు, గోడ వారన మిగిలిన పేలికలు ఎందుకూ పనికిరాలేదు. ఏడు షీట్లు తగ్గాయి. నేను ఊళ్లో లేని రోజు చూసుకుని మేస్త్రి ఆ సందుల్లో సిమెంటు మాలు నింపేశాడు. ఇప్పటికీ మేలో స్టూలెక్కి సీలింగుకి చెయ్యి ఆనిస్తే చారలు చారలుగా కాలుతుంది. నీకు తొమ్మిది పిల్లర్లున్నాయి, నూటికి ఎనిమిది ఎక్కువ వేసుకో. 112 షీట్లు.

బిల్లు ఘనపు మీటర్లలో ఇస్తే కంగారు పడకు. రెండంగుళాల మందానికి 112 షీట్లు 4.2 ఘనపు మీటర్లు. అంతకన్నా చాలా ఎక్కువ రాస్తే అడుగు.

ఇక మందం. దీన్ని నిర్ణయించేది షాపాయన కాదు, మెట్ల గది గడప. షీటు రెండంగుళాలు, పైన జాలీ వేసి పోసే కాంక్రీటు రెండంగుళాలు, నీళ్ల వాటానికి ఎత్తు వైపు ఇంకో ఒకటిన్నర, టైలు ఒకటి. ఆరున్నర అంగుళాలు లేస్తుంది! గడప అంతకన్నా పొట్టిదైతే తొలకరి వాన మెట్ల మీదుగా హాల్లోకొస్తుంది. గుమ్మం ఇంకా నిలబెట్టలేదన్నావు, బతికిపోయావు. ఎనిమిది అంగుళాల ఎత్తున పెట్టించు. పిట్టగోడ కూడా అంత మేర పొట్టిదవుతుంది, పిల్లలున్న ఇల్లు, ఇంకో వరస ఇటుక కట్టించు. ఆ కాంక్రీటు చదరపు అడుగుకి పది కిలోల పైనే బరువు. స్లాబు డిజైన్ చేసిన ఇంజనీరుని ఒక మాట అడుగు.

గడప ఎత్తడం కుదరకపోతే ఒక్క అంగుళం షీటే వెయ్, టైలు మానేసి తెల్ల పెయింటు కొట్టించు. నష్టమేం లేదు. ఇళ్ల కోసం కేంద్రం తెచ్చిన ఎకో నివాస్ సంహిత 2018లో పైకప్పుకి యూ విలువ 1.2 దాటకూడదన్నారు. యూ అంటే కప్పు ఎంత వేడిని దిగనిస్తుందో చెప్పే అంకె. ఐదంగుళాల ఉత్త స్లాబుకి అది 3.4 దాకా ఉంటుంది. అంగుళం షీటుతో 0.9కి పడిపోతుంది. రెండో అంగుళం వేస్తే 0.5. చూశావుగా, మొదటి అంగుళం చేసిన పని రెండోది చెయ్యదు.

షీట్లు దిగిన రోజే నీడలో పెట్టించి పైన ఇటుకలు వెయ్. గాలికి పక్కింట్లోకి ఎగిరిపోతాయి, ఎండలో వదిలేస్తే పైపొర పొడి రాలుతుంది. మిగిలిన రెండు మూడు షాపుకి తిప్పి పంపకు, మెట్ల కింద పడెయ్. సోలార్ హీటర్ వాడు వచ్చి పైపు కోసం డాబా తవ్విన రోజున అడుగుతావు.

గడప కొలిచాక ఫోన్ చెయ్. అప్పటిదాకా అడ్వాన్సు ఇవ్వకు.

మీ పెదనాన్న