అమ్మలూ, ఆదివారం టోకెన్ ఇవ్వకు

అమ్మలూ,

నిన్న రాత్రి నువ్వు పంపిన, మీరు కొందామనుకుంటున్న ఇంటి ఫొటోలు రెండుసార్లు చూశాను, మీ అత్తయ్యా చూసింది. వరండా ముందు ఆ పెద్ద బండ, పక్కన కాగితంపూల తీగ, పాత మొజాయిక్ ఫ్లోరింగ్... నీకెందుకు అంత నచ్చిందో అర్థమైంది. బంజారాహిల్స్‌లో అలాంటి ఇళ్లు ఇప్పుడు వెతికినా దొరకవు, ఎక్కడ చూసినా పడగొట్టి అపార్ట్‌మెంట్లో షోరూమో లేపేశారు. కానీ ఆదివారం లోపు పది లక్షలు టోకెన్ ఇవ్వకపోతే ఇంకో పార్టీ రెడీగా ఉందని బ్రోకర్ అన్నాడన్నావు చూడు, అక్కడే నా మనసు ఆగిపోయింది. ఇవ్వకమ్మా. ఆ ఇంకో పార్టీకే పోతే పోనీ. యాభై ఏళ్ల ఇంటికి పేపర్లు చూడటానికి కనీసం నెలన్నర పడుతుంది, ఆ టైమ్ ఇవ్వని వాళ్ల దగ్గర మనం కొనొద్దు.

ఆ ఏరియా సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే అక్కడ నువ్వు కొనేది గోడల్ని కాదు, కింద నేలని. ఒకప్పుడు అదంతా రాళ్ల గుట్టలు, లంబాడీ తండాలు, పేరు కూడా వాళ్లదే. మెహదీ నవాజ్ జంగ్ గారు, తర్వాత గుజరాత్‌కి మొదటి గవర్నర్ అయిన ఆయన, బండల్ని పగలగొట్టకుండా వాటిని కలుపుకునే ఇల్లు కట్టుకున్నారు, రవీంద్రనాథ్ ఠాగూర్ కూడా వచ్చి ఉన్నారు అక్కడ. ఊరికి దూరంగా ఉన్న గుట్టలు కదా, అందుకే ఆ నేల చరిత్ర కూడా ఒక తీరుగా ఉండదు, కొంత ప్రభుత్వానిది, కొంత వక్ఫ్, కొంత జాగీర్ల కాలం నాటిది, కొంత సొసైటీలు ప్లాట్లు చేసి పంచింది. పక్కపక్క రెండు ఇళ్లకి కూడా రెండు కథలుంటాయి. కాబట్టి పక్కింటాయన నలభై ఏళ్లుగా ఉంటున్నాడు కదా మనకేం కాదులే అనే మాట పట్టుకోకు.

ముందు లింక్ డాక్యుమెంట్లు, అంటే ఆ స్థలం ఎవరి చేతి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పే పాత కాగితాలన్నీ అడుగు, జిరాక్సులు కాదు, ఒరిజినల్స్. ఒరిజినల్స్ లాకర్లో ఉన్నాయి తర్వాత చూపిస్తాం అంటే, వాటిని ఏదైనా బ్యాంకులో పెట్టి లోన్ తీసుకున్నారేమో అని నాకు డౌట్ వస్తుంది, అన్ని తనఖాలూ ఈసీలో (రిజిస్టర్ అయిన అమ్మకాలు, తనఖాలు చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) కనపడవు. ఈసీ ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది, నువ్వు తీసింది అదే, అది క్లీన్‌గా ఉందని సంతోషపడ్డావు. ఇల్లేమో 1974లో కట్టింది, స్థలం అంతకుముందే కొన్నది. ఆ ముందు సంవత్సరాలది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మాన్యువల్‌గా వెతికించాలి. మొదటి కాగితం ఉర్దూలో ఉందన్నావు, అది మామూలే, నిజాం కాలంలో ఆఫీసులన్నీ ఉర్దూలోనే నడిచాయి, కానీ బ్రోకర్ చదివి చెప్పింది నమ్మొద్దు, ఉర్దూ వచ్చిన వకీలుతో పూర్తిగా తర్జుమా చేయించు, హద్దులు నాలుగువైపులా ఏం రాశారో ప్రతి మాటా కావాలి. తర్వాత టౌన్ సర్వే రికార్డులో ఆ స్థలం టౌన్ సర్వే (టీఎస్) నంబర్‌కి ఎదురుగా ఎవరి పేరుందో చూడాలి, అక్కడ సర్కారీ అని ఉంటే ఎన్ని సేల్ డీడ్‌లు ఉన్నా లాభం లేదు. 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితాలో ఉందేమో కూడా చూడు. ఒకరి దగ్గర ఇంతకు మించి ఖాళీ స్థలం ఉండకూడదనే 1976 అర్బన్ సీలింగ్ చట్టం ఉన్నప్పుడు హైదరాబాద్‌లో 1000 చదరపు మీటర్లు దాటిన ఖాళీ స్థలానికి లెక్క చెప్పాల్సి వచ్చేది, నీది 400 గజాలే కానీ అది ఏ పెద్ద స్థలం నుంచి విడగొట్టిందో, ఆ పెద్దదానికి సీలింగ్ ఫైల్ ఏమైనా నడిచిందో వకీలుని అడుగు.

ఇక వారసుల సంగతి, ఇది మాత్రం రెండుసార్లు చదువు.

నేను 1998లో మారేడ్‌పల్లిలో ఇల్లు కొన్నప్పుడు నువ్వు చిన్నపిల్లవి, నీకు గుర్తుండదు. ఇద్దరు అన్నదమ్ములు సంతకం పెట్టారు, వాళ్ల అమ్మ పెట్టింది, నేను బ్యాంకులో పనిచేసేవాడినే, నాకు తెలియనిది కాదు, అయినా నాగపూర్‌లో ఉన్న ఆడపిల్ల గురించి అడిగితే "మా చెల్లికి పెళ్లప్పుడే ఇచ్చేశాం, ఆవిడకి ఏం సంబంధం లేదు" అన్నారు, నేను సరే అన్నాను. రెండేళ్లకి నోటీసు వచ్చింది. తండ్రి సొంతంగా సంపాదించిన ఇల్లు, వీలునామా లేకుండా పోతే 1956 నుంచి చట్టంలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఉంది, ఇది నాకు కంఠతా వచ్చు, అయినా ఆవిడ సంతకం లేకుండా కొన్నాను. ఏడేళ్లు కోర్టు. మేడ వేద్దామనుకున్నది ఆగిపోయింది, మీ అత్తయ్య అడిగిన వంటగది కూడా అప్పుడు కట్టలేకపోయాను. చివరికి ఆవిడ వాటా విలువ నేనే కట్టి సెటిల్ చేసుకున్నాను. సంతకం పెట్టే రోజు ఆవిడ ఇంటికొచ్చి గేటు దగ్గర నిలబడి "మా నాన్న కట్టించిన ఇల్లు అన్నా, నన్ను ఒక్క మాట అడగలేదు ఎవరూ" అని ఏడ్చింది. ఆవిడ మీద నాకు ఏ కోపమూ లేదు, న్యాయం ఆవిడదే.

అందుకే చెప్తున్నా, మీరు కొనే ఇంటికి ముగ్గురు పిల్లలు అన్నావు, ఎంత మంది ఉన్నారో వాళ్లు చెప్పినది కాదు, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో ఉన్నది చూడు. చనిపోయిన కొడుకో కూతురో ఉంటే వాళ్ల పిల్లలు కూడా రావాలి. ఒప్పుకున్నాం అని వాట్సాప్‌లో చెప్తే చాలదు, సేల్ డీడ్‌లో అందరూ సంతకం పెట్టాలి, ఒకరు పక్కకి తప్పుకున్నా వాటా వదులుకున్నట్టు రిజిస్టర్డ్ రిలీజ్ డీడ్ ఉండాలి. ఆ ముగ్గురిలో ఆడపిల్ల ఉంటే వీలైతే ఆవిడతో నువ్వే ఒకసారి ఫోన్‌లో మాట్లాడు, ఆవిడ గొంతులో తెలిసిపోతుంది.

అమెరికాలో ఉన్న అబ్బాయి రాలేడు కాబట్టి తన బదులు ఇంకొకరు సంతకం పెట్టేలా అధికారమిచ్చే జీపీఏ పంపిస్తాడన్నావు. అది ఇక్కడికి వచ్చిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించి వ్యాలిడేట్ చేయించుకోవాలి, రిజిస్ట్రేషన్ రోజు పొద్దున వీడియో కాల్‌లో ఆయన్ని చూసి మాట్లాడాలి, ఇచ్చిన మనిషి చనిపోతే ఆ జీపీఏ కూడా లేనట్టే. ఇంకోటి, 50 లక్షలు, ఆపైన కొనుగోలుకి అమ్మేవాళ్లకిచ్చే డబ్బులోంచి మనం 1 శాతం టీడీఎస్ (వాళ్ల తరఫున ముందే కట్టే పన్ను) కట్ చేస్తాం కదా, అది ఇక్కడ ఉన్నవాళ్ల వాటాకే. ఎన్నారై వాటా మీద రేటు చాలా ఎక్కువ, ఆయన తక్కువ కట్ చేసేలా సర్టిఫికెట్ తెచ్చుకుంటే సరే, లేకపోతే మీరు తప్పు కట్ చేస్తే డిపార్ట్‌మెంట్ మిమ్మల్నే అడుగుతుంది. సీఏకి ముందే చెప్పండి, చివరి రోజు కాదు.

సగం క్యాష్ అడుగుతున్నారన్నావు. వద్దమ్మా, అల్లుడికి కూడా గట్టిగా చెప్పు. ఇళ్ల లావాదేవీల్లో 20,000 గానీ అంతకంటే ఎక్కువ గానీ క్యాష్ తీసుకుంటే తీసుకున్నవాళ్లకి అంత మొత్తమే పెనాల్టీ పడుతుంది, మీకేమో రేపు అమ్మేటప్పుడు కాగితం మీద తక్కువ ధర ఉంటుంది కాబట్టి లాభం ఎక్కువ కనపడి పన్ను మీరే కట్టాలి. రిజిస్ట్రేషన్‌కి స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు కలిపి 7.5 శాతం, పెద్ద ధర మీద అది పెద్ద డబ్బే, ముందే పక్కన పెట్టుకోండి. బ్యాంకు లీగల్ ఒపీనియన్ వచ్చింది కదా అంటే, నేను అదే సెక్షన్‌లో చేశాను, బ్యాంకు తన లోన్ సేఫా కాదా అని చూస్తుంది, నీ ఇల్లు సేఫా అని చూసే వకీలు నీకు వేరే ఉండాలి.

ఇంటిని కూడా చూడాలి కదా. లైసెన్స్‌డ్ సర్వేయర్‌తో కొలిపించు, డాక్యుమెంట్‌లో 400 గజాలున్నా రోడ్డు వెడల్పులో ఎంత పోయిందో, పక్క గోడ ఎంత లోపలికొచ్చిందో అప్పుడే తెలుస్తుంది. కేబీఆర్ పార్కు చుట్టూ జంక్షన్లకి ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు అని ప్లాన్ ఉంది, ఆ రోడ్ల మీదికి వస్తే గోడల మీద మార్కింగ్ ఉందేమో, జీహెచ్ఎంసీ దగ్గర లైన్ ఎక్కడుందో కనుక్కో. పై అంతస్తుకి పర్మిషన్ ప్లాన్ ఉందా లేదా అడుగు. సెల్లార్ తవ్వుదాం అని అల్లుడు అన్నాడంటే ముందు ఎవరైనా కాంట్రాక్టర్‌ని తీసుకెళ్లి చూపించు, కింద మొత్తం గ్రానైట్ బండే, ఆ పగలగొట్టే ఖర్చు ఎవరూ ముందు చెప్పరు. ఆ బండ ముట్టుకోకపోతేనే నాకు సంతోషం.

పెద్ద వాన పడ్డ రాత్రి ఒకసారి వెళ్లి చూడు, గుట్ట మీద నుంచి నీళ్లు ఏ వైపు దిగుతున్నాయో, గేటు ముందు ఎంతసేపు నిలబడుతున్నాయో. శనివారం రాత్రి పదకొండుకి ఒకసారి, పక్క వీధిలో పబ్బుల సౌండు ఇంట్లోకి వస్తుందేమో చూడు, మీ అత్తగారికి నిద్ర పట్టదు కదా. ఎండాకాలం నీళ్ల ట్యాంకర్లు ఎన్ని తెప్పిస్తారో ఇస్త్రీ బండి ఆయన్ని, వాచ్‌మన్‌ని అడిగితే ఓనర్ కంటే నిజం చెప్తారు.

అన్నీ బాగుంటే అప్పుడు ఒక తెలుగు పేపర్లో, ఒక ఇంగ్లీష్ పేపర్లో, ఒక ఉర్దూ పేపర్లో వకీలు పేరుతో నోటీస్ వేయించు, పదిహేను రోజులు ఆగు, ఎవరైనా అభ్యంతరం చెప్తారేమో చూసి అగ్రిమెంట్ రాసుకుందాం, అడ్వాన్స్ కూడా చెక్కో బ్యాంక్ ట్రాన్స్‌ఫరో.

ఆదివారం పొద్దున కాగితాల జిరాక్సులు అన్నీ పట్టుకుని ఇంటికి రా, ఉర్దూది మర్చిపోకు, మా పాత వకీలు గారిని పదింటికి రమ్మన్నాను. అత్తయ్య పెసరట్లకి పప్పు నానబెడతానంది, అల్లుణ్ణి కూడా తీసుకురా.

మామయ్య