కవాంది కుట్టించే ముందు

చి. మాధవికి పెద్దమ్మ ఆశీస్సులు.

హైదరాబాదు ఏసీ గార్డ్స్‌లో మర్ఫా డప్పుల మేళం పెట్టి, ఆఫ్రికా మూలాలున్న సిద్దీల కవాంది, అంటే గుడ్డముక్కల బొంత, కుట్టడం నేర్పిద్దామనే నీ ఆలోచన బాగుంది. పోస్టర్ మీద మాత్రం రెంటినీ ఒకే గాటన కట్టకు. మర్ఫా నిజాం కొలువులోని సిద్దీ, యెమెనీ సిపాయిల నుంచి హైదరాబాదుకు దక్కింది. కవాంది కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లా ఎల్లాపూర్, హళియాళ, ముండగోడు వైపు సిద్దీ ఆడవాళ్ల చేతిపని. వాళ్ల డోలు దమామ్.

నీ మూడు గంటల తరగతిలో దుప్పటి అవదు. మనిషికి 12 అంగుళాల చదరం చాలు. వరుసల మధ్య అరంగుళం ఎడం ఉంచినా 24 అడుగుల కుట్టు, కొత్త చేతికి రెండు గంటల పైమాటే. తలా 10 మీటర్ల మందపాటి తెల్ల నూలు దారం పక్కన పెట్టు. మూరెడు కంటే పొడుగు ఎక్కిస్తే చిక్కుపడుతుంది.

అడుగు గుడ్డ 13 అంగుళాలు కత్తిరించి, నాలుగు వైపులా అరంగుళం లోపలికి మడవాలి. ఆ మడతల కింద పాత నూలుచీర పొర ఒకటి దూర్చాలి. మన బొంతకు ముందే అన్నీ పరిచి కుట్టేస్తాం. ఇక్కడ పైగుడ్డంటూ ముందుగా ఉండదు, గుడ్డముక్క పెట్టడమూ కుట్టడమూ ఒకేసారి. ఒక మూల మొదలుపెట్టి అంచు వెంట చుట్టూ తిరుగుతూ నడిమికి చేరాలి. ముక్కకు బయటికి కనబడే అంచే పావంగుళం మడవాలి. పక్క ముక్క కిందికి పోయే అంచును అలాగే వదిలెయ్యాలి. అన్ని అంచులూ మడిచేవాళ్లు తప్పకుండా ఉంటారు. అప్పుడు మందమెక్కి సూది విరుగుతుంది. ఒకదాని మీద ఒకటి అరంగుళం ఎక్కకపోతే ఉతికాక సందులు తెరుచుకుంటాయి. ముడులన్నీ తర్వాతి ముక్క కింద దాగాలి.

అందరికీ వచ్చే తంటా నడిమి ఉబ్బు. దారం బిగించి లాగినకొద్దీ గుడ్డంతా లోపలికి జరుగుతుంది. రెండు వరుసలకోసారి అరచేత్తో బయటికి సాపు చేయించు. ఆఖరి ముక్కకు మాత్రం నాలుగంచులూ మడవాలి. సిల్కు, పాలిస్టర్ జారతాయి, వద్దు. కొత్త ఎర్ర గుడ్డ ముందురోజే నీళ్లలో నానబెట్టి ఉతుకు. రంగు ఇంకా దిగుతుంటే తీసి పక్కన పడెయ్.

మూలల్లో ఫూలాలు మరచిపోవద్దు. రంగు చదరాలను త్రికోణాలుగా మడిచి పెట్టే పువ్వులవి. అవి లేని కవాందిని సిద్దీ ఆడవాళ్లు బోసిదంటారు.

మర్ఫా కుట్టేటప్పుడు వద్దు. ఆ దరువుకు చెయ్యి పరుగెత్తి కుట్లు బారెడవుతాయి. విరామంలో పదిహేను నిమిషాలు గట్టిగా వాయించనీ, సూదులు మాత్రం లెక్కపెట్టి డబ్బాలో వేయించాకే లేవనివ్వు. ఎల్లాపూర్ వైపు నుంచి సిద్దీ ఆవిడను రప్పించగలిగితే దారి ఖర్చులు, రోజు కూలీ ముందే మాట్లాడుకో. ఆవిడ పేరు పోస్టర్‌లో నీ పేరు కంటే పైన వెయ్యి.

పెద్దమ్మ