ఎనిమిదేళ్లలో ఇంటప్పు తీర్చేస్తానంటున్న శిరీషకి

చి.ల.సౌ. శిరీషకి పెద్దమ్మ దీవెనలు.

పొద్దున్నే మీ అమ్మ ఫోన్ చేసింది. "అక్కా, దీనికేమైందో, ఇరవై ఏళ్ల అప్పు ఎనిమిదేళ్లలో తీర్చేస్తుందట, పాలప్యాకెట్టు కూడా ఒకటి తగ్గించేసింది" అంది. అప్పు మాట వింటే ముచ్చటేసింది. పాలప్యాకెట్టు మాట వింటే భయమేసింది. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. కాగితం మీదైతే అంకెలు కళ్లెదురుగా ఉంటాయని రాస్తున్నాను. అల్లుడుగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదువు.

మీది 40 లక్షలు, 8.5 శాతం, 240 నెలలు. ఈఎంఐ 34,713. మొదటి నెల అందులో 28,333 వడ్డీకే పోయింది, అసలుకి జమైంది 6,380. ఇరవై ఏళ్లూ ఇలాగే కట్టుకుంటూ పోతే వడ్డీయే 43 లక్షలు దాటుతుంది. నీ పట్టుదలకి కారణం ఇదేనని తెలుసు, అందులో తప్పులేదు. కానీ ఎనిమిదేళ్లలో తీరాలంటే నెలకి 57,569 కట్టాలి. అంటే ఇప్పటికంటే 22,856 ఎక్కువ. రోజుకో అరలీటరు పాలు మానేస్తే నెలకి మిగిలేది వెయ్యికి అటూ ఇటూ. పిల్లల గ్లాసుల్లోంచి ఇరవై రెండు వేలు ఎక్కడ తీస్తావే?

పదేళ్లు అనుకుంటే 49,594, అదనం 14,881. పన్నెండేళ్లు అనుకుంటే 44,402, అదనం పదివేల లోపే. ఇంకో దారి కూడా ఉంది, నాకు నచ్చేది అదే. ఇప్పుడు కట్టేదే కట్టు. ఏటా జీతం పెరిగిన నెలలోనే ఈఎంఐని 5 శాతం పెంచమని బ్యాంకుకి రాసివ్వు. మొదటిసారి పెరిగేది 1,700 చిల్లర, ఇంట్లో ఎవరికీ తెలియను కూడా తెలియదు. అలా పెంచుకుంటూ పోతే అప్పు పన్నెండేళ్లు దాటాక రెండు మూడు నెలల్లో తీరిపోతుంది. మధ్యలో బోనస్సులు పడితే పదికొస్తుంది. ఎనిమిది అని పంతం పట్టి మూడో ఏడు చతికిలబడేకంటే ఇది మేలు.

ఇక అసలు చెప్పాల్సింది. మా తరం వాళ్లు వందలమంది చేసిన పొరపాటు ఒకటుంది. పొదుపు బాగానే చేశారు. పొదుపు చేసిన డబ్బుని బ్యాంకులో కట్టేచోట తప్పు చేశారు. ఒక ఫారం, అందులో ఒక గడి, దాంట్లో ఒక టిక్కు. అంతే.

ఏడాది తిరిగాక నీ చేతిలో లక్ష రూపాయలు ఉన్నాయనుకో. బోనస్సో, చిట్టీ పాటో, ఏదో ఒకటి. అప్పటికి నీ బాకీ 39 లక్షల 20 వేలు ఉంటుంది. లక్ష కట్టగానే అడుగుతారు, ఈఎంఐ తగ్గించమంటారా, నెలలు తగ్గించమంటారా అని. ఈఎంఐ తగ్గించమంటే అది 34,713 నుంచి 33,828కి దిగుతుంది. నెలకి 885 మిగులు. మిగిలిన 228 నెలలూ మామూలే. మొత్తం మీద వడ్డీలో కలిసొచ్చేది లక్షా రెండు వేలు. నెలలు తగ్గించమంటే ఈఎంఐ అలాగే ఉంటుంది, 228 నెలలు 214కి పడిపోతాయి. కలిసొచ్చే వడ్డీ 3 లక్షల 78 వేలు. అదే లక్ష, అదే రోజు, అదే కౌంటరు. తేడా రెండు లక్షల డెబ్బై ఆరు వేలు.

మరి అందరూ మొదటిదే ఎందుకు అడిగేవారంటావా? వచ్చే నెల నుంచే భారం తగ్గినట్టు కనబడుతుంది కనక. తగ్గే నెలలు ఎక్కడో ఇరవై ఏళ్ల చివర ఉంటాయి, వాటిని ఎవరూ చూడరు. పోనీ ఆ 885 అన్నా నిలుస్తుందా అంటే నిలవదు. ఒకసారి బయట భోజనానికి వెళితే సరి. నీళ్లు పోసిన కుండకి అడుగున చిల్లు పెట్టుకోవడమే అది.

ఒక్క సందర్భంలో మాత్రం ఈఎంఐ తగ్గించుకోవడమే తెలివి. మీ ఇద్దరిలో ఒకరి ఉద్యోగం ఊగుతోందని తెలిసినప్పుడు. అప్పుడు ఈఎంఐ తగ్గించుకుని, పాత మొత్తమే కడుతూ ఉంటే ఫలితం ఇంచుమించు నెలలు తగ్గించినట్టే వస్తుంది. కష్టం వస్తే ఆపుకునే వీలూ ఉంటుంది. కాకపోతే ఆ తేడా జీతం పడిన మర్నాడే దానంతటదే వెళ్లేలా ఏర్పాటు చేసుకోవాలి. "మిగిలితే కడదాం" అనుకున్న డబ్బు ఏ ఇంట్లోనూ మిగలదు.

డబ్బు కట్టాక వారంలో స్టేట్‌మెంట్ తీసి చూడు. అదనంగా వేసింది అసలులోంచి తగ్గిందా, లేక ముందస్తు ఈఎంఐ కింద పక్కన కూర్చుందా? రెండో రకంగా పడితే వడ్డీ ఒక్క రూపాయి తగ్గదు, వచ్చే నెల ఈఎంఐ అందులోంచి కోసుకుంటారు. "పార్ట్ పేమెంట్, అసలుకి, టెన్యూర్ (అంటే నెలల గడువు) తగ్గించాలి" అని స్పష్టంగా రాసివ్వు, కొత్త షెడ్యూలు అడిగి తీసుకో. మారే వడ్డీ మీద వ్యక్తులు తీసుకున్న గృహరుణానికి ముందుగా కట్టినందుకు జరిమానా వేయకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన. ఎవరన్నా అడిగితే తలూపి రాకు.

మారే వడ్డీ అన్నాను కదా, దాన్ని కూడా ఓ కంట కనిపెట్టు. రిజర్వ్ బ్యాంకు మిగతా బ్యాంకులకి అప్పిచ్చే రేటుని రెపో రేటు అంటారు, మీలాంటి అప్పుల వడ్డీ దాన్ని పట్టుకునే మారుతుంది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపల అది 4 నుంచి 6.5 శాతానికి వెళ్లింది. 6.75 దగ్గర ఇరవై ఏళ్లకి 40 లక్షలు తీసుకున్నవాళ్ల ఈఎంఐ 30,415. ఏడాది తిరిగేసరికి వాళ్ల వడ్డీ 9.25 అయితే, నెలకి వడ్డీయే 30,078. అసలుకి పడేది 337 రూపాయలు! ఈఎంఐ మారలేదని నిశ్చింతగా ఉన్నవాళ్లకి వెనకాల నెలలు పెరుగుతూ పోయాయి. 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు దీని మీద ఆదేశాలిచ్చింది. రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచుకోవాలా, నెలలు పెంచుకోవాలా అన్నది నిన్ను అడగాలి, మూడు నెలలకోసారి మిగిలిన ఈఎంఐలెన్నో చెప్పే స్టేట్‌మెంట్ ఇవ్వాలి. ఆ కాగితంలో నువ్వు చూడాల్సింది మిగిలిన నెలల సంఖ్య. రేటు తగ్గినప్పుడు ఈఎంఐ తగ్గించనివ్వకు, పాతదే ఉంచమను. కొత్తవాళ్లకి నీకంటే తక్కువ రేటుకి ఇస్తున్నారని తెలిస్తే, కాస్త రుసుము కట్టి మార్చుకునే వీలుందేమో అడుగు.

పన్ను మినహాయింపు పోతుందని అప్పు ఉంచుకోమనేవాళ్లు నీకు తప్పకుండా తగులుతారు. మొదటి ఏడాది మీ వడ్డీ 3 లక్షల 37 వేలు. మీరుండే ఇంటికి పాత పన్ను పద్ధతిలో ఒక్కొక్కరికి 2 లక్షల వడ్డీ వరకే మినహాయింపు, కొత్త పద్ధతిలో అదీ లేదు. రూపాయి వడ్డీ కడితే పన్నులో కలిసొచ్చేది మహా అయితే ముప్ఫై పైసల చిల్లర. ఆ ముప్ఫై పైసల కోసం రూపాయి పారేసుకోవడం నాకైతే అర్థం కాదు.

ఖర్చు తగ్గించడం గురించి నీకు నేను చెప్పేదేముంది, మీ అమ్మ చేతి కింద పెరిగినదానివి. పెద్ద పద్దులు ముందు చూడు. రెండో కారు, బయటి నుంచి తెప్పించుకునే తిండి, పెళ్లిళ్లలో పెట్టుపోతలు. బట్టలు పెట్టకపోతే ఏమనుకుంటారో అని పెట్టేవే ఎక్కువ, అనుకోనీ. కరెంటులో గీజర్ సంగతి చూడు, రెండు కిలోవాట్లది అరగంట ఉంచితే ఒక యూనిట్. నలుగురూ వరసగా స్నానాలు కానిచ్చి ఆపేయండి. హైదరాబాదులో నెలకి 200 యూనిట్లు దాటితే మొదటి యూనిట్లకి కూడా పై రేటే పడుతుంది, 201 దగ్గర ఆగితే ఆ ఒక్క యూనిట్ ఖరీదెంతో బిల్లు చూస్తే తెలుస్తుంది.

ఏడాదికి సరిపడా కొనేవి మిరపకాయలు, చింతపండు, కందిపప్పు, బియ్యం. చింతపండూ మిరపకాయలూ ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపల తీసుకో, కందిపప్పు కొత్త పంట సంక్రాంతి దాటాక దిగుతుంది. కానీ ఫ్లాట్లో ఏడాది బియ్యం పెట్టకు తల్లీ. గాలి ఆడని బాల్కనీ అరలో ముక్కపురుగు పడితే సగం పారబోస్తావు, పొదుపు కాస్తా దండగవుతుంది. మూడు నెలలకి సరిపడా చాలు. పప్పు రెండు ఎండలు బాగా ఎండబెట్టి, పూర్తిగా చల్లారాకే డబ్బాలో పొయ్యాలి. వేడి మీద మూత పెడితే చెమ్మ పట్టి అదే పురుగుకి దారి. పైన ఎండిన వేపాకు పరుచు. పాలూ గుడ్లూ పళ్లూ మాత్రం ముట్టుకోకు. పాపకి ఇది ఎదిగే వయసు, మళ్లీ రాదు. తగ్గించిన ప్యాకెట్టు రేపటి నుంచి మళ్లీ వేయించు. ఇది సలహా కాదు, మాట వినమంటున్నాను.

ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వని సంగతి. మీ అమ్మ చెప్పింది, "చేతిలో ఉన్నదంతా అప్పుకే కడుతున్నారు" అని. ఆ మాట విన్నప్పటి నుంచీ నాకు గుండె దడ. ఇంటి అప్పులో కట్టిన డబ్బు గోడలోకి వెళ్లిపోతుంది. రాత్రి రెండింటికి ఆసుపత్రిలో అడ్వాన్సు కట్టమంటే గోడ రూపాయివ్వదు. అప్పుడు క్రెడిట్ కార్డు గీకి, గడువులోగా కట్టలేకపోతే నెలకి దాదాపు మూడున్నర శాతం, అంటే ఏడాదికి నలభై పైన. ఎనిమిదిన్నర శాతం అప్పు తీర్చడానికి నలభై శాతం అప్పు చేసినట్టు. ఆరు నెలల ఇంటి ఖర్చూ, ఈఎంఐలూ కలిపి ఎంతవుతుందో అంత విడిగా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పడేసి, ఆ తర్వాత మొదటి అదనపు రూపాయి కట్టు. ఒకేచోట వద్దు, యాభై వేల చొప్పున చిన్న డిపాజిట్లుగా వేస్తే కావలసినదొకటే విరుచుకోవచ్చు.

అల్లుడుగారి పేరు మీదా నీ పేరు మీదా టర్మ్ పాలసీలు, అంటే మనిషి పోతే ఇంట్లోవాళ్లకి డబ్బిచ్చే బీమాలు, ఉన్నాయా? అప్పు ఇద్దరి సంతకాలతో తీసుకున్నారు. ఒకరికేదన్నా అయితే మిగిలినవాళ్లే మొత్తం కట్టాలి, బ్యాంకుకి కన్నీళ్లు కనబడవు. అశుభం పలుకుతున్నానని విసుక్కోకు. మిగిలిన అప్పుకి తక్కువ కాకుండా ఒక్కొక్కరికీ పాలసీ ఉండాలి. అప్పు ఇచ్చేటప్పుడు బ్యాంకులో అంటగట్టే పాలసీ ప్రీమియం అప్పులోనే కలిపేస్తారు, ఇరవై ఏళ్లూ దానికీ వడ్డీ కడుతూ ఉంటావు. పైగా వాటిలో చాలావరకు అప్పు తగ్గేకొద్దీ బీమా కూడా తగ్గిపోతుంది. మీకు అలా కలిపారేమో అప్పు మంజూరు కాగితం, అదే శాంక్షన్ లెటర్‌లో చూడు. బయట విడిగా తీసుకున్నది అప్పు తీరాక కూడా ఉంటుంది. ఆఫీసు ఇచ్చిన ఆరోగ్య బీమా ఒక్కదాన్నీ నమ్ముకోకండి, ఉద్యోగం పోయిన రోజున అదీ పోతుంది.

ఇంకెవరికీ హామీ సంతకం పెట్టొద్దు. మీ మామగారి తమ్ముడడిగినా సరే. పాప సుకన్య ఖాతా ఆపొద్దు, అది 2024, 2025లలో 8.2 శాతం ఇచ్చింది, వడ్డీకి పన్ను లేదు. అప్పు రేటుకీ దానికీ పెద్ద తేడా లేదు, ఆపి ప్రయోజనం లేదు.

ఆఖరి ఈఎంఐ కట్టిన రోజున స్వీట్లు పంచేసి ఊరుకుంటారు జనం. అప్పటికి పని సగమే అయింది. ఒరిజినల్ దస్తావేజులు, లింకు డాక్యుమెంట్లతో (పాత యజమానుల దస్తావేజులతో) సహా, అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో ఇవ్వాలి. వాళ్ల వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 చొప్పున నీకు చెల్లించాలని 2023 డిసెంబరు నుంచి నిబంధన. అప్పు తీసుకున్నప్పుడు ఏయే కాగితాలు ఇచ్చారో, ఆ జాబితా మీద బ్యాంకు ముద్ర వేయించిన నకలు ఉందా నీ దగ్గర? లేకపోతే ఇప్పుడే తీసుకో, అప్పుడడిగితే ఎవరికీ గుర్తుండదు. బాకీ ఏమీ లేదని బ్యాంకు ఇచ్చే నో డ్యూస్ కాగితం తీసుకో. తనఖా సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో నమోదై ఉంటే దాన్ని రద్దు చేయించి, కొత్త ఈసీ, అంటే ఆస్తి మీద తనఖాలేమన్నా ఉన్నాయో చూపే కాగితం, తీసి చూసుకో. ఆ తర్వాత నెలా రెండు నెలలకి నీ అప్పుల చరిత్ర చూపే సిబిల్ రిపోర్టులో ఖాతా మూసినట్టు పడిందో లేదో చూడు.

వచ్చే వారం మీ బాబాయి హైదరాబాదు వస్తున్నారు. ఆవకాయ జాడీ, కందిపొడి పంపిస్తున్నాను. ఆయన తిరిగొచ్చేటప్పుడు మీ శాంక్షన్ లెటర్ నకలు, ఈ ఏడాది స్టేట్‌మెంటు ఇచ్చి పంపు. మీ రేటులో రెపో రేటు మీద బ్యాంకు తన వంతు మార్జిన్ ఎంత వేసిందో కళ్లజోడు పెట్టుకుని చూస్తాను. ఇంకో మాట, మీ అమ్మ ఈ ఎనిమిదేళ్ల సంగతి ఇప్పటికే వీధిలో నలుగురికి చెప్పేసింది. "వాళ్ల దగ్గర డబ్బుంది" అని చేబదులుకి వచ్చేస్తారు, ఇక చెప్పొద్దని నువ్వే చెప్పు. నేను చెబితే వినదు.

ఇట్లు
పెద్దమ్మ