స్ట్రెయిన్ గేజ్ ప్రీఆంప్లిఫయర్ మీద వ్యాసం రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

స్ట్రెయిన్ గేజ్ (లోహం ఎంత సాగిందో కొలవడానికి దాని మీద అతికించే చిన్న రెసిస్టర్) సిగ్నల్‌ని పెంచే ప్రీఆంప్లిఫయర్ మీద నీ వ్యాసం మొదట్నించి చివరిదాకా చదివాను. తెలుగులో ఎలక్ట్రానిక్స్ గురించి రాసేవాళ్ళు తక్కువ. స్వయంగా బోర్డు మీద సోల్డరింగ్ చేసి, ఆ తర్వాత కలం పట్టేవాళ్ళు ఇంకా తక్కువ. అందుకే ఇది బాగా రావాలని నాకు గట్టిగా ఉంది. వాక్యాలు శుభ్రంగా ఉన్నాయి, వాటి జోలికి పోను. మార్చాల్సింది వరుస.

నువ్వు సర్క్యూట్ బొమ్మతో మొదలుపెట్టి, వెంటనే ఐఎన్‌ఏ128 అనే ఆంప్లిఫయర్ చిప్ గొప్పల్లోకి వెళ్ళిపోయావు. ఇంత తంటా ఎంత చిన్న వోల్టేజీ కోసమో చదివేవాడికి చాలాసేపటిదాకా తెలియదు. అక్కడే మొదలుపెట్టు. నీ బ్రిడ్జ్‌లో (గేజ్‌తో కలిపి నాలుగు రెసిస్టర్ల చట్రం) ఒక్కో చేయి 350 ఓంలు, ఇస్తున్నది 5 వోల్టులు, గేజ్ ఫ్యాక్టర్ (సాగినదానికి ఎన్ని రెట్లు రెసిస్టెన్స్ మారుతుందో చెప్పే అంకె) 2. గేజ్ అతికించిన ఇనప బద్ద తన పొడవులో పది లక్షలో వంతు సాగితే బయటికొచ్చేది 2.5 మైక్రోవోల్టులు. అది బయటికొచ్చే రెండు తీగలూ ఉన్నదేమో 2.5 వోల్టుల ఎత్తున. మనకి కావాల్సిన తేడా కన్నా అక్కర్లేని ఉమ్మడి వోల్టేజీ పది లక్షల రెట్లు పెద్దది. ఈ ఒక్క లెక్క ముందే చెప్పేస్తే, డిఫరెన్షియల్ ఆంప్లిఫయరే (రెండు తీగల మధ్య తేడాని మాత్రం పెంచేది) ఎందుకు అన్న ప్రశ్నకి వేరే జవాబు రాయక్కర్లేదు.

కామన్ మోడ్ రిజెక్షన్ (రెండు తీగల మీదా ఉమ్మడిగా ఉన్నదాన్ని తోసిపుచ్చడం) పేరాలో నిర్వచనం ఉంది, అంకెలు లేవు. గోడలోని కరెంటు వైర్ల నుంచి రెండు తీగల మీదా 10 మిల్లీవోల్టుల 50 హెర్ట్జ్ సమానంగా ఎక్కిందనుకో. ఒక ఆప్-ఆంపు (మామూలు ఆంప్లిఫయర్ చిప్), నాలుగు 1 శాతం రెసిస్టర్లతో గెయిన్ (ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ అంకె) 1 డిఫరెన్స్ ఆంప్లిఫయర్ కడితే, ఆ నాలుగింటి తేడాలూ మనకి పూర్తిగా వ్యతిరేకంగా పడిన పక్షంలో రిజెక్షన్ 34 డెసిబెల్స్ దగ్గరే ఆగిపోతుంది. అంటే యాభయ్యో వంతు. 200 మైక్రోవోల్టుల హమ్ (ఆ 50 హెర్ట్జ్ రొద) లోపలికొస్తుంది, మన సిగ్నల్‌కి 80 రెట్లు. 0.1 శాతం రెసిస్టర్లు కొన్నా 20 మైక్రోవోల్టులు మిగులుతుంది. ఐఎన్‌ఏ128 పెద్ద గెయిన్ దగ్గర ఇచ్చే 120 డెసిబెల్స్‌తో అది 10 నానోవోల్టులకి దిగుతుంది. లోపలి రెసిస్టర్లని లేజర్‌తో సరిచేసి అమ్ముతారు కాబట్టి ఇది సాధ్యం. నువ్వు పొగడాల్సింది ఆ పనితనాన్ని.

ఇక నేను ఆగిపోయిన చోటు. ఇన్‌పుట్ దగ్గర రెండు 10 కిలో ఓం రెసిస్టర్లు పెట్టి, "రక్షణ కోసం" అని ఒక్క ముక్కలో దాటేశావు. వ్యాసం మొత్తానికీ గుండెకాయ ఇక్కడే ఉంది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో జాన్సన్ అనే శాస్త్రవేత్త కొలిచి 1928లో ప్రచురించింది ఇదే కదా: కరెంటు పారకపోయినా, వేడి ఉన్నంతవరకు రెసిస్టర్ తనంతట తానే నాయిస్ (అడ్డదిడ్డంగా ఊగే చిన్న వోల్టేజీ) పుట్టిస్తుంది. గది ఉష్ణోగ్రతలో 1 కిలో ఓంకి రూట్ హెర్ట్జ్‌కి 4 నానోవోల్టులు (అంటే బ్యాండ్‌విడ్త్ వర్గమూలంతో గుణిస్తే మొత్తం నాయిస్ వస్తుంది). నీ 350 ఓంల బ్రిడ్జ్‌ది 2.4, చిప్‌ది 8, రెండు రక్షణ రెసిస్టర్లవి కలిపి 18. నాయిస్‌లు నేరుగా కూడవు. వర్గాలు కలిపి వర్గమూలం తియ్యాలి. మొత్తం దాదాపు 20. ఆ రెండూ పీకేస్తే 8.4. పైగా ఐఎన్‌ఏ128 ఇన్‌పుట్లకి 40 వోల్టుల దాకా రక్షణ లోపలే ఉందని డేటాషీట్ మొదటి పేజీలోనే రాసి ఉంటుంది.

"ఇంకా తక్కువ నాయిస్ కావాలంటే ఏడీ8429 వాడండి" అని ఇంకో ఆంప్లిఫయర్ చిప్ సలహా కూడా ఇచ్చావు. లెక్క వేసి చూడు. దాని వోల్టేజీ నాయిస్ 1 నానోవోల్టే, కానీ కరెంట్ నాయిస్ 1.5 పికోఆంపులు. అది ఒక్కో 10 కిలో ఓంలో పారితే 15 నానోవోల్టులు. మొత్తం 28కి ఎక్కుతుంది. ఎక్కువ డబ్బు పెట్టి ఎక్కువ నాయిస్ కొనుక్కున్నట్టు! అదే చిప్‌ని బ్రిడ్జ్‌కి నేరుగా తగిలిస్తే 2.6కి వస్తుంది. ఈ నాలుగు అంకెల్నీ (20, 8.4, 28, 2.6) పక్కపక్కన పెట్టు. సోర్స్‌ని (సిగ్నల్ వచ్చే వైపు రెసిస్టెన్స్‌ని) బట్టి చిప్పుని ఎంచుకోవాలన్న మాట నువ్వు విడిగా చెప్పే పనే ఉండదు.

కొలత విషయం. సిగ్నల్ బొమ్మ ఒక్కటే వేశావు. దానికి ముందు ఇన్‌పుట్లు రెండూ కలిపి రిఫరెన్స్‌కి (సర్క్యూట్‌లో సున్నా వోల్టుల చోటుకి) షార్ట్ చేసిన బొమ్మ ఉండాలి. గెయిన్ 1000 ఒక్కటే అయితే ఓసిలోస్కోప్‌కి కనపడదు. మధ్యలో కెపాసిటర్ పెట్టి, రెండో దశలో ఇంకో 100 పెంచు. 100 హెర్ట్జ్ ఆర్‌సీ ఫిల్టర్ వాడితే నాయిస్ లెక్కలో 157 హెర్ట్జ్ వెయ్యాలి, చాలామంది మర్చిపోయేది ఇదే. ఐఎన్‌ఏ128తో ఔట్‌పుట్ 10 మిల్లీవోల్టులు, లేదా కాస్త ఎక్కువ రావాలి. తర్వాత షార్ట్ తీసి అక్కడ 10 కిలో ఓం మెటల్ ఫిల్మ్ రెసిస్టర్ పెట్టు. 19 మిల్లీవోల్టులకి దగ్గరగా వస్తే నీ గెయినూ, ఫిల్టరూ, లెక్కా అన్నీ సరిగ్గా ఉన్నట్టే. ఖరీదైన పరికరం లేని కుర్రాడు కూడా చెయ్యగలిగిన పరీక్ష ఇది.

షీల్డింగ్ గురించి అంత పొడుగు వద్దు. అల్యూమినియం పెట్టె 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రాన్ని ఆపదు, తీగలు మెలిపెట్టడమే మందు అని రాస్తే చాలు. ఒక వాక్యం మాత్రం కొత్తగా చేర్చు. బ్రిడ్జ్‌లో చిప్ ఇన్‌పుట్లకి కావాల్సిన చిన్న కరెంటుకి దారి దానంతటదే ఉంది. నీ వ్యాసం చదివినవాడు రేపు థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే రెండు లోహాల తీగల జత) తగిలిస్తాడు, ఆ దారి లేక ఔట్‌పుట్ ఒక అంచుకి పోయి అతుక్కుంటుంది, చిప్ పోయిందనుకుని ఇంకోటి కొంటాడు.

చివరి పేరా, "ఎవరైనా సులభంగా చేసుకోవచ్చు" అన్నది, తీసెయ్యి. ఆ జాగాలో మూడు బొమ్మలు పడతాయి: షార్ట్ చేసినప్పటిది, 10 కిలో ఓం పెట్టినప్పటిది, గేజ్ కలిపాక వచ్చింది. మూడూ ఒకే స్కేల్ మీద, బ్యాటరీల మీదే నడిపి, పెట్టె మూత బిగించి తియ్యి. తీశాక వ్యాసంతో పాటు పంపు, చూస్తాను.

ఆశీస్సులతో,
అన్నయ్య