సీటు కోసం రెండు రూపాయల మిత్తికి అప్పా? ముందు ఇంటికి ఆరు నెలల ధీమా చూసుకోండి

ప్రశ్న: మాది మిర్యాలగూడ పక్కన ఊరు. నాకు 43 ఏళ్లు. రైస్ మిల్లులో ఆపరేటర్‌ను. జీతం రూ.28 వేలు, పీఎఫ్ ఉంది. నా భార్యకు కుట్టుపని మీద నెలకు రూ.6 వేలు వస్తాయి. ఇంటి ఖర్చు రూ.22 వేల దాకా అవుతుంది. పాప ఇంటర్ ఎంపీసీ పాసైంది, ఎప్‌సెట్‌లో 31 వేల ర్యాంకు వచ్చింది. బాబు తొమ్మిదో తరగతి. పాపకు హైదరాబాద్‌లో సీఎస్ఈ చదవాలని ఉంది. ఒక కన్సల్టెన్సీ ఆయన బి కేటగిరీలో (యాజమాన్య కోటాలో) సీటు ఇప్పిస్తానన్నాడు. ముందు రూ.7 లక్షలు కట్టాలి, తర్వాత ఏటా ఫీజు లక్ష. టోకెన్‌గా రూ.20 వేలు ఇచ్చాను. బ్యాంకులో ఉన్న రూ.1.90 లక్షలు తీసి, తెలిసినాయన దగ్గర రెండు రూపాయల మిత్తికి రూ.5 లక్షలు తేవాలనుకుంటున్నాను. ఆయన నోటుతో పాటు నా ఎకరం పొలం మీద అగ్రిమెంటు రాయమంటున్నాడు. 8 తులాల బంగారం ఉంది. రూ.2.50 లక్షల చిట్టీకి నెలకు రూ.5 వేలు కడుతున్నాను, ఇంకా 11 నెలలు ఉంది. ఏటా రూ.14 వేలు కట్టే మనీబ్యాక్ పాలసీ ఉంది. ఇలా చేయొచ్చా?

జవాబు: వద్దు. నోటు మీదా అగ్రిమెంటు మీదా ఇంకా సంతకం పెట్టకపోతే ఈ జవాబు చదవడం అయ్యేదాకానైనా ఆగండి. ఫలితాలు వచ్చాక ప్రతి ఏడూ నల్గొండ, సూర్యాపేట, పాలమూరు వైపు నుంచి ఇదే ప్రశ్న వస్తుంది. ఊరి పేరు, అప్పు మొత్తం మారతాయి గానీ తప్పు ఒక్కటే. చదువు నాలుగేళ్లది, లెక్క మాత్రం అడ్మిషన్ రోజు దాకానే వేస్తున్నారు. ఉన్న డబ్బంతా మొదటి నెలలోనే ఊడ్చిపెట్టి, రెండో ఏడాది ఫీజు నాటికి చేతిలో చిల్లిగవ్వ లేకుండా నిలబడుతున్నారు.

మీ అమ్మాయి కోరికలో తప్పేమీ లేదు. 31 వేల ర్యాంకు తెచ్చుకున్న పిల్ల ఇంజినీరింగ్ చదవాల్సిందే. ఆ చదువు మధ్యలో ఆగకూడదనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ముందు మిత్తి లెక్క చూడండి. నూటికి రెండు రూపాయలంటే వినడానికి తక్కువగా ఉంటుంది, ఏడాదికి అది 24 శాతం. రూ.5 లక్షలకు నెలకు రూ.10 వేలు. ఇంటి ఖర్చు పోను మీకు మిగిలేది రూ.12 వేలు. అందులో రూ.5 వేలు చిట్టీకి పోతున్నాయి. కాబట్టి మొదటి నెల నుంచే మీరు మిత్తి పూర్తిగా కట్టలేరు. నోటుకు మూడేళ్ల గడువు ఉంటుంది కనుక అది దాటకముందే ఇచ్చినాయన నోటు తిరగరాయిస్తాడు. అప్పటికి మిత్తి రూ.3.60 లక్షలు అయి ఉంటుంది. దాన్ని అసలులో కలిపి కొత్త నోటు మీద రూ.8.60 లక్షలని రాస్తారు. రెవెన్యూ స్టాంపు మీద మళ్లీ మీ సంతకం పడుతుంది. అమ్మాయి నాలుగో ఏడు ముగించేసరికి బాకీ రూ.10.66 లక్షలు. అది కూడా ఏటా తిరగరాయనప్పటి లెక్క. ఏటా తిరగరాస్తే రూ.11.82 లక్షలు. తెచ్చింది ఐదు లక్షలే.

పొలం మీద అగ్రిమెంటు ఇంకా ప్రమాదం. కుదువ పత్రం వేరు, అమ్మకం అగ్రిమెంటు వేరు. మాట వరసకు కుదువ అంటూ కాగితం మీద మాత్రం అమ్మకానికి ఒప్పుకున్నట్టు రాయించుకోవడం మన దగ్గర మామూలైపోయింది. గడువు దాటిందంటే పొలం రిజిస్ట్రేషన్ చేయమని కోర్టుకు వెళ్తారు. పొలం పోతే దానితో ఉన్న రైతు బీమా కూడా పోతుంది. ఖాళీ చెక్కులు అడిగితే అవీ ఇవ్వొద్దు. చెక్కు బౌన్సయితే మీ మీద క్రిమినల్ కేసు పడుతుంది.

అసలు ఇంత మిత్తికి ఎందుకు వెళ్లాల్సి వచ్చిందో ఆలోచించారా? ఆ ఏడు లక్షలకు కాలేజీ రసీదు ఇవ్వదు. రసీదు లేని డబ్బుకు ఏ బ్యాంకూ లోను ఇవ్వదు. డొనేషన్ అని పేరు పెట్టినా, బ్లాకింగ్ అని పెట్టినా అది క్యాపిటేషన్ ఫీజే. దాన్ని నిషేధిస్తూ మన దగ్గర 1983 నుంచీ చట్టం ఉంది. యాజమాన్య కోటా సీట్లను కూడా నోటిఫికేషన్ ఇచ్చి మెరిట్ ప్రకారమే నింపాలి. మధ్యవర్తి మాట నమ్మి డబ్బు పోగొట్టుకుంటే చూపించడానికి మీ దగ్గర కాగితం ముక్క కూడా ఉండదు.

31 వేల ర్యాంకుకు కన్వీనర్ కోటాలో, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ర్యాంకు ప్రకారం ఇచ్చే వాటిలో, సీటు రాదని మీకెవరు చెప్పారో గానీ, అది నిజం కాదు. ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల సీట్లలో 70 శాతం ఆ కోటావే. వెబ్ ఆప్షన్లలో ఐదారు పేరున్న కాలేజీల సీఎస్ఈ ఒక్కటే పెట్టి వదిలేస్తే సీటు రాకపోవచ్చు. అందుకే నిరుటి చివరి ర్యాంకులు ముందు పెట్టుకుని, కనీసం వంద ఆప్షన్లు వరుసగా ఇవ్వండి. సీఎస్ఈతో పాటు దాని అనుబంధ బ్రాంచీలు, ఐటీ, ఈసీఈ కూడా పెట్టండి. మొదటి విడతలో వచ్చిన సీటు మనసుకు పూర్తిగా నచ్చకపోయినా, గడువులోగా ఫీజు కట్టి ఆన్‌లైన్‌లో రిపోర్ట్ చేయండి. సీటు చేతిలో ఉంచుకుని తర్వాతి విడతలో ఇంకా మంచిదానికి ప్రయత్నించవచ్చు. గడువులోగా కట్టకపోతే ఆ సీటు దానంతట అదే రద్దవుతుంది.

ఇక అసలు విషయం. మీ ఉత్తరంలో సీటు, ఫీజు, పొలం, బంగారం అన్నీ ఉన్నాయి. మీకేమైనా అయితే ఇల్లెలా గడుస్తుందన్నది మాత్రం ఒక్క వాక్యం కూడా లేదు. ఇంటికొచ్చే రూ.34 వేలలో రూ.28 వేలు మీ ఒక్కరి రెక్కల మీదివే. మిల్లు పనిలో నిలకడ ఎంతో నాకంటే మీకే బాగా తెలుసు. వానాకాలం వడ్లు వచ్చినప్పుడు రాత్రీ పగలూ నడుస్తుంది. సాగర్ ఎడమ కాలువకు నీళ్లు రాని యాసంగిలో షిఫ్టులు తగ్గుతాయి. పైగా జీతం రూ.21 వేలు దాటినవాళ్లకు ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) వర్తించదు. బెల్టులో చెయ్యి పడి మూడు నెలలు ఇంట్లో ఉంటే, అమ్మాయి హాస్టల్ ఫీజు ఎక్కడి నుంచి వస్తుంది?

అందుకే బ్యాంకులో ఉన్న రూ.1.90 లక్షల్లో రూ.1.35 లక్షలను ఎవరడిగినా ముట్టుకోకండి. అది మీ ఇంటి ఆరు నెలల ఖర్చు. అందులో రూ.35 వేలు సేవింగ్స్ ఖాతాలోనే ఉంచండి. మిగతా లక్షను రూ.25 వేల చొప్పున నాలుగు ఫిక్స్‌డ్ డిపాజిట్లు చేయండి. ఒక్కటే పెద్ద డిపాజిట్ చేస్తే, ఇరవై వేల అవసరానికి మొత్తం విరగ్గొట్టి వడ్డీ పోగొట్టుకోవాల్సి వస్తుంది. నాలుగైతే ఒకదానితో పని జరుగుతుంది. ఖాతా మీదా భార్యదీ ఉమ్మడిగా, ఇద్దరిలో ఎవరు సంతకం చేసినా నడిచేలా ఉండాలి. మీరు ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఆమె డబ్బు తీయలేకపోతే ఆ నిధి ఉండీ లాభం లేదు. ఫీజు గడువు ముంచుకొచ్చింది, వారంలో మళ్లీ వేసేస్తాననుకుని దీన్ని తీసేవాళ్లే ఎక్కువ. తీసింది తిరిగి పడదు. ఫీజుకు బ్యాంకు లోను దొరుకుతుంది, జీతం ఆగిన నెలలో సరుకులకు ఏ బ్యాంకూ ఇవ్వదు.

రెండోది టర్మ్ పాలసీ, అంటే గడువులోపు మీకేమైనా అయితేనే ఇంటికి డబ్బిచ్చే బీమా. మీ మనీబ్యాక్ పాలసీని ధీమాగా లెక్కపెట్టకండి, మీరు లేకపోతే దాని నుంచి వచ్చే డబ్బుతో ఇల్లు ఏడాదైనా గడుస్తుందో లేదో చూసుకోండి. మీకు 60 ఏళ్లు వచ్చేదాకా రూ.50 లక్షల టర్మ్ కావాలి. ఆ మొత్తం ఆరు శాతం వడ్డీకి బ్యాంకులో పడితే నెలకు రూ.25 వేలు వస్తాయి, ఇంటి ఖర్చు సరిపోతుంది. మీ వయసుకు ప్రీమియం నెలకు వెయ్యి రూపాయలకు అటుఇటుగా ఉంటుంది, ఆరోగ్యాన్ని బట్టి మారుతుంది. బీడీ, సిగరెట్, గుట్కా అలవాటు, బీపీ, మిల్లులో మిషన్ల దగ్గర పని, అన్నీ ఉన్నదున్నట్టు రాయండి. ప్రీమియంలో రెండు వందలు తగ్గుతాయని దాచిపెడితే రేపు క్లెయిమ్ దగ్గర మీ భార్య నిలబడాల్సి వస్తుంది.

ఫారం నింపేటప్పుడు వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద తీసుకుంటున్నట్టు టిక్ పెట్టించండి. 1874 నాటి ఈ చట్టం ప్రకారం ఆ పాలసీ డబ్బు మీ భార్యాపిల్లలకే చెందుతుంది, అప్పులోళ్లు దాని మీదికి రాలేరు. పాలసీ వచ్చాక ఈ మార్పు చేయడం కుదరదు. ఏజెంట్లు చాలామంది ఈ గడి గురించి చెప్పరు, మీరే అడగాలి.

డబ్బు పెద్దగా పెట్టకుండానే దొరికే రక్షణలు కూడా ఉన్నాయి, వాటినీ వదలకండి. పీఎఫ్ ఉంది కనుక ఈడీఎల్ఐ కింద మీ కుటుంబానికి గరిష్ఠంగా రూ.7 లక్షల బీమా ఉంటుంది. మీ పీఎఫ్ నంబరు యూఏఎన్‌లో ఈ-నామినేషన్ చేసి ఉందో లేదో ఇవాళే చూడండి. పొలం పట్టా మీ పేరున ఉంటే రైతు బీమా రూ.5 లక్షలు. నామినీ పేరు, ఆధార్ స్పెల్లింగ్ సరిగ్గా ఉన్నాయో లేదో మీ క్లస్టర్ ఏఈఓను (వ్యవసాయ విస్తరణ అధికారిని) అడగండి. బ్యాంకులో ఏడాదికి రూ.436తో జీవన్ జ్యోతి (ప్రాణ బీమా), రూ.20తో సురక్షా బీమా (ప్రమాద బీమా), భార్యాభర్తలిద్దరూ తీసుకోండి. మే నెలాఖరులో ఖాతాలో డబ్బు లేకపోతే ఇవి ఆగిపోతాయి. రేషన్ కార్డు ఉంటే ఆస్పత్రికి ఆరోగ్యశ్రీ రూ.10 లక్షల దాకా ఉంది.

ఫీజు సంగతికి వద్దాం. ఏటా లక్ష ఉన్న కాలేజీలో కన్వీనర్ సీటు వచ్చిందనుకుందాం. నాలుగేళ్లకు సరిగ్గా రూ.4 లక్షల విద్యా రుణం అడగండి. అంతవరకు మీ వాటా కట్టనక్కర్లేదు, ఆస్తి తాకట్టు అక్కర్లేదు, తల్లిదండ్రులు సహ రుణగ్రహీతలుగా సంతకం చేస్తే చాలు. దాటితే మార్జిన్, హామీ అంటూ ఫైలు బరువెక్కుతుంది. పదిశాతం వడ్డీ అనుకుంటే, మొదటి లక్ష విడుదలయ్యాక నెలకు రూ.833, నాలుగో ఏడాదికి రూ.3,333 వడ్డీ పడుతుంది. కోర్సు, ఆ తర్వాత ఏడాది ఏమీ కట్టకపోయినా మొత్తం రూ.5.40 లక్షలు అవుతుంది. దాన్ని పదేళ్లలో తీరిస్తే నెలకు రూ.7,100 చిల్లర. ఉద్యోగంలో చేరిన అమ్మాయి మోయగలిగిన బరువే.

మీ కుటుంబ ఆదాయం ఏడాదికి రూ.4.08 లక్షలు. రూ.4.50 లక్షల లోపు వాళ్లకు, న్యాక్ లేదా ఎన్‌బీఏ (కాలేజీలు, కోర్సుల నాణ్యత చూసే సంస్థలు) గుర్తింపు ఉన్న చదువైతే, కోర్సు కాలం ప్లస్ ఏడాది వడ్డీ కేంద్రమే భరించే పథకం ఉంది. పీఎం విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు చేస్తూ ఇది కూడా అడగండి. ఇక్కడ ఒక హెచ్చరిక. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు బీసీలకు పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షల ఆదాయ పరిమితి ఉంది. తక్కువ ఆదాయం రాయించుకుని దానికీ పెట్టెయ్యమని సలహా ఇచ్చేవాళ్లు దొరుకుతారు. అదే ఇంటి నుంచి బ్యాంకుకు రూ.28 వేల జీతం స్లిప్పు, స్కాలర్‌షిప్‌ల పోర్టల్ ఈపాస్‌కు లక్షన్నర సర్టిఫికెట్ వెళ్తే ఇరుక్కునేది మీరే.

బ్యాంకుకు వెళ్లేటప్పుడు అలాట్‌మెంట్ ఆర్డర్, ర్యాంకు కార్డు, టెన్త్, ఇంటర్ మెమోలు, నాలుగేళ్ల ఫీజు వివరంతో కాలేజీ లెటర్‌హెడ్ మీద ఇచ్చిన పత్రం, మీ ఆరు నెలల జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్, అందరి ఆధార్, పాన్ తీసుకెళ్లండి. అంతకంటే ముందు పాత అప్పులు ఎలా కట్టారో చూపించే మీ సిబిల్ రిపోర్టు ఉచితంగా తీసి చూడండి. ఎప్పటిదో బండి లోను రెండు వాయిదాలు పెండింగ్ చూపించి విద్యా రుణం ఆగిపోయిన ఇళ్లు చాలా ఉన్నాయి. రుణంతో పాటు బీమా అంటగడితే అది ఎవరి ప్రాణం మీదో అడగండి. సాధారణంగా అమ్మాయి పేరు మీద ఇస్తారు, కట్టాల్సింది మాత్రం మీరు.

హాస్టల్‌కు మిగతా రూ.55 వేలు, నెలనెలా మిగిలేది కలిపితే మొదటి ఏడాది గడుస్తుంది. చిట్టీని ఇప్పుడు పాడి ఎత్తకండి. 11 నెలలు ఆగితే పెద్దగా కోత లేకుండా వస్తుంది, రెండో ఏడాది నుంచి హాస్టల్ ఖర్చు దానిదే. చేతికొచ్చిన రోజే బ్యాంకులో వేయండి. బంగారం చివరి దారి. తప్పనిసరైతే బ్యాంకులోనే పెట్టండి. మనీబ్యాక్ పాలసీ సరెండర్ గురించి టర్మ్ పాలసీ చేతికొచ్చాకే ఆలోచించండి. బాబు చదువుకు రెండేళ్లు టైముంది, ఇప్పుడే సిప్‌లు (నెలనెలా మ్యూచువల్ ఫండ్లలో వేయడం) వద్దు.

ఈ లెక్కలన్నీ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టి చెప్పండి. లోను ఆమె పేరు మీదే ఉంటుంది. పద్దెనిమిది నిండకపోతే ఇప్పుడు మీరు సంతకం చేస్తారు, నిండాక ఆమె చేయాలి. ఎంత తీసుకుంటోందో, ఎప్పటి నుంచి కట్టాలో ఆమెకు తెలిసి ఉండాలి.

టోకెన్ రూ.20 వేలను ఫోన్‌లో అడగకండి, వాట్సాప్‌లో రాసి అడగండి. ఏ కాలేజీ, ఏ సీటు కోసం, ఏ తేదీన ఎలా ఇచ్చారో అందులో ఉండాలి. ఫోన్‌పేలో పంపి ఉంటే ఆ స్క్రీన్‌షాట్ కూడా పెట్టండి. ఇవ్వనంటే అదే కాగితాలతో పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఒకవేళ ఆ ఇరవై వేలు రాకపోయినా, అవి దక్కించుకోవడం కోసమని మిగతా ఆరు లక్షల ఎనభై వేలు మాత్రం కట్టకండి.