అడిగితే క్షమించనట్టా? నా అనుభవంతో చెప్తున్నాను

వందనాలు సిస్టర్. నాన్నగారి స్థలాన్ని అక్కాబావలు మీకు తెలియకుండా తమ పేరిట రాయించుకున్నారు, సంఘంలో అందరూ "క్షమించేయమ్మా" అంటున్నారు, ఇక నా వాటా అడిగితే క్షమించనట్టేనా, ప్రభువు బల్లలో (సంఘంలో రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధనలో) పాలుపొందాలంటే భయంగా ఉంది అని రాశారు. అడగండి. నిక్షేపంగా అడగండి.

మత్తయి 18లో డెబ్బది ఏళ్ల మారులు, అంటే డెబ్బై ఏడుల సార్లు, క్షమించమన్న మాట అందరికీ నోటికొచ్చు. దాని వెంటనే చెప్పిన ఉపమానంలో రాజు ముందు చేసిన పని లెక్క చూసుకోవడం. పదివేల తలాంతులు, అంటే తీర్చలేనంత సొమ్ము, బాకీపడ్డ దాసుణ్ణి రాజు వదిలేశాడు, వాడు మాత్రం తనకు బాకీపడ్డ తోటి దాసుణ్ణి వదల్లేదు. ఆ తోటి దాసుడు బాకీపడ్డ నూరు దేనారాలు చిల్లరేమీ కాదు, మత్తయి 20 ప్రకారం దేనారం ఒక రోజు కూలి, అంటే బెంగళూరు మారతహళ్లిలో పొద్దున్నే కూలికి నిలబడే మనిషికి మూడు నెలల పైచిలుకు సంపాదన. మీకు జరిగింది చిన్న విషయమని ప్రభువు ఎక్కడా అనలేదు, మనకు కొట్టేసిన పదివేల తలాంతుల అప్పు దానికంటే ఎన్నో రెట్లు పెద్దదన్నాడు. అందుకే "పోనీలెండి, అంతా మన మంచికే" అని మిమ్మల్ని తొందరపెట్టేవాళ్ల మాట నాకు నచ్చదు.

మా పెద్దనాన్న కొడుకు బెంగళూరులో క్యాబ్ కొనుక్కుంటానంటే బ్యాంకు లోనుకు నేను ష్యూరిటీ సంతకం పెట్టాను. కొన్నాళ్లకు కట్టడం మానేశాడు, కలెక్షన్ వాళ్లు మా ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ వింటుండగా నా పేరు పెట్టి గట్టిగా అరిచేవాళ్లు, మా ఆవిడ పుస్తెలతాడు తప్ప ఒంటి మీదున్నదంతా తాకట్టుకు వెళ్లింది. డబ్బు ఒక ఎత్తు, చిత్తూరులో చుట్టాల పెళ్లికెళ్లి నేనే తనని ముంచానని చెప్పుకున్నాడే, అది ఒక ఎత్తు. కె.ఆర్.పురంలో మా తెలుగు ఆరాధనలో ప్రభువు నేర్పిన ప్రార్థన చెప్తూ "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము" అన్నచోట నాకు గొంతు పెగిలేది కాదు.

మా పాస్టర్ గారు క్షమించమని ఒత్తిడి చేయలేదు. అతను చేసిందంతా దేవుడి ముందు ఒక్కొక్కటిగా చెప్పి, ఆ తర్వాత అతని పేరెత్తి ప్రార్థన చేయమన్నారు, మొదట్లో పేరు దాటి ఒక్క మాట వచ్చేది కాదు. చాలా కాలానికి పెద్దమ్మను ఆపరేషన్ కోసం ఇక్కడి ఆసుపత్రికి తెచ్చారు. మా ఆవిడ రాగిముద్ద, పప్పు క్యారియర్‌లో సర్ది పంపింది. అన్నయ్య వరండాలోనే కూర్చుని తిన్నాడు, గిన్నెలు కుళాయి దగ్గర కడిగి, మూతలు బిగించి నా చేతికిచ్చాడు, సారీ మాత్రం చెప్పలేదు. నాకు అతని మీద పగ లేదని ఆ రోజే తెలిసింది, అలాగని మళ్లీ సంతకం అడిగితే పెట్టను, ఆ డబ్బు ఇవ్వాల్సిందేనని పెద్దమ్మ కోలుకున్నాక పెద్దల ముందు అడిగాను, కొంత తిరిగొచ్చింది కూడా. యోసేపు అంత ఏడ్చి అన్నలను కౌగిలించుకున్నాడు కదా, దానికి ముందు వాళ్లు మారారో లేదో పరీక్షించి చూశాడు.

గ్లాడిస్ స్టెయిన్స్ గారి సంగతి తెలిసే ఉంటుంది. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో ఆమె భర్త గ్రాహంనీ, ఫిలిప్, తిమోతి అనే ఇద్దరు చిన్న కొడుకులనీ బండిలో నిద్రపోతుండగా బండికి నిప్పంటించి సజీవదహనం చేశారు. క్షమించానన్నారామె, బారిపదలోనే ఉండి కుష్ఠు రోగుల సేవ కొనసాగించారు. కేసు మాత్రం ఆగలేదు, ప్రధాన దోషికి పడిన యావజ్జీవాన్ని సుప్రీంకోర్టు 2011లో ఖాయం చేసింది. మీది ఆస్తి తగాదా, రెండూ ఒకటి కావు, కానీ క్షమాపణ, న్యాయం ఒకే చోట ఉండగలవని ఆమెను చూస్తే నాకు నమ్మకం కుదురుతుంది.

కోర్టు మాటకొస్తే, 1 కొరింథీ 6లో పౌలు విశ్వాసులు ఒకరి మీద ఒకరు వ్యాజ్యెమాడటాన్ని తప్పుపట్టాడు, నిజమే. అక్కడే మీలో తగవు తీర్చగల బుద్ధిమంతుడు ఒక్కడైనా లేడా అనీ నిలదీశాడు. కాబట్టి క్షమించమంటున్న పెద్దలు ముందు కూర్చుని మీ కాగితాలు చూడాలి. అన్యాయం సహించకూడదా అని కూడా పౌలు అడిగాడు, కానీ అది మీరు మనసారా ఎంచుకోవాల్సింది, ఇంకొకరు మీ నెత్తిన రుద్దేది కాదు. లూకా 17:3లో క్షమించమన్న మాట కంటే గద్దించమన్న మాటే ముందుంది.

ఈ ఆదివారం బల్లకు వెళ్లండి, అక్క పేరు చెప్పి ప్రార్థించండి, ఏడుపొస్తే ఏడవండి. ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే కాగితం), రిజిస్టరైన దస్తావేజు నకలు తీయించి ఒక లాయర్‌కి చూపించుకోండి, కోర్టుకు వెళ్లడానికి గడువులుంటాయి, మాటలతో సాగదీస్తే చిక్కు. పాస్టర్ గారిని, ఇద్దరు పెద్దలను పెట్టుకుని అక్కాబావలతో ఒకసారి ఎదురుగా కూర్చోండి. ఒంటరిగా మాత్రం వెళ్లకండి.