గేర్‌బాక్స్ ఆయిల్ చుక్కలు: ప్లగ్ బిగిస్తే ఆగదు

రాత్రి నిలిపిన చోట నాలుగైదు చుక్కలు పడుతున్నాయి, డ్రెయిన్ ప్లగ్ (ఆయిల్ దించే అడుగు బోల్టు) బిగించినా ఆగట్లేదు అన్నారు కదా. ఇక బిగించకండి, అల్యూమినియం కేసింగ్‌లో మరలు పోతాయి. ముందు గేర్‌బాక్స్ పైనున్న బ్రీదర్ (లోపలి గాలి బయటికి పోయే చిన్న దారి) చూడండి. అది మట్టితో మూసుకుపోతే వేడికి లోపల ప్రెషర్ పెరిగి, కొత్త సీల్ వేసినా ఆయిల్ బయటికి తోస్తుంది.

తర్వాత కేసింగ్‌ను బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, టాల్కం పౌడర్ చల్లి, 10 కిలోమీటర్లు తిప్పండి. అన్నిటికన్నా పైన తడిసిన చోటే లీకు. ప్లగ్ దగ్గరైతే కొత్త వాషర్ చాలు. ఆయిల్ దించేముందు మాత్రం ఫిల్లర్ ప్లగ్ (ఆయిల్ పోసే చోటి బోల్టు) ఊడుతుందో లేదో చూసుకోండి, అది పట్టేస్తే కొత్త ఆయిల్ పోయలేక బండి అక్కడే!

లీకు యాక్సిల్ సీల్ (చక్రానికి వెళ్లే షాఫ్ట్ చుట్టూ ఉండే రబ్బరు రింగు) దగ్గరైతే, షాఫ్ట్‌పై సీల్ ఆనే చోట గోరు గీసి చూడండి. గాడి తగిలితే, లోపల చోటుంటే, కొత్త సీల్ అంచుకు ఆయిల్ రాసి, అది గాడిలో కాక నున్నటి చోట ఆనేలా, పాతదానికన్నా 1-2 మి.మీ. లోతుగా దించండి.